ఇంటి లెక్కలు: విరిగిన గోరుకు వెల ఎంత?

బెంగుళూరు నుంచి మన సభ్యురాలొకరు ఉత్తరం రాశారు. ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నారట. జెల్ గోళ్ళు పెట్టడం నేర్చుకున్నాక రాబడి బాగానే ఉందిగాని, ఒక్క గోరు విరిగిందని వచ్చేవారితోనే చిక్కు. "పదింటికి 700 తీసుకున్నావు, ఒక్కదానికి 70 కాదూ?" అని అడిగేవారు కొందరు. "మనవాళ్ళమేగా!" అని చెయ్యి చాచి కూర్చునేవారు మరికొందరు. ఈ రెండో రకంలో మన సంఘం వాళ్ళే ఎక్కువట! ఎంత తీసుకుంటే న్యాయమని ఆవిడ ప్రశ్న.

ముందు నిమిషం ఖరీదు తేల్చుకోవాలి. గది అద్దె (సొంత ఇల్లయినా సరే, బయటివారికిస్తే వచ్చేది కదా), కరెంటు, తువ్వాళ్ళ ఉతుకు కలిపి నెలకు 16,000, ఆవిడ కష్టానికి 20,000 అనుకుందాం. ఇంట్లో వ్యాపారం చేసే ఆడవాళ్ళు ఈ రెండో అంకె వెయ్యడమే మరిచిపోతారు. నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటలు నిజంగా చేతిలో పని ఉంటే 9,000 నిమిషాలు. అంటే నిమిషానికి 4 రూపాయలు. మీ అంకెలు వేరైతే అవే వేసుకోండి.

ఇప్పుడు గోరు సంగతి. చేతులు కడిగించడానికి, పనిముట్లు శుభ్రం చెయ్యడానికి, రంగు వెతికి సరిచూడడానికి 10 నిమిషాలు. గోరు ఒకటైనా నాలుగైనా ఈ పదీ తప్పవు. విరిగినది తీసి, అరగదీసి, జెల్ పూసి దీపం కింద గట్టిపడనివ్వడానికి ఇంకో 15. మొత్తం 25 నిమిషాలకు 100, సామానుకు 15. మొదటి గోరుకు 115, అదే కూర్చోవడంలో తరువాతి ఒక్కోదానికి 75. పదితో భాగించిన 70కి ఒక్క గోరు చేస్తే, ఆవిడ ప్రతిసారీ 45 రూపాయలు చేతి నుంచి వేసుకుంటున్నట్టే. అయిదారు గోళ్ళు పోయాయంటే మాత్రం అతుకులు మానేసి, మొత్తం కొత్తగా వేయించుకోమనడమే ఇద్దరికీ లాభం.

మరి ఉచితం ఎప్పుడు? వేసిన వారంలోపు ఊడితే, సాధారణంగా అడుగున నూనో దుమ్మో మిగిలి ఉంటుంది. అది పనిలో లోపం కాబట్టి డబ్బు అడగకూడదు. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు వారాలకు మొదట్లో సందు కనిపిస్తుంది, బరువు ముందుకు జరుగుతుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. దానికి పూర్తి ధర తీసుకోవలసిందే. కొబ్బరికాయ పీచు గోళ్ళతో లాగినందుకు విరిగితే పార్లర్ ఏం చేస్తుంది? మన అమ్మమ్మలకు గోరింటాకుతో ఈ బెడద లేదు!

"మనవాళ్ళ" విషయంలో నా సలహా ఒకటే. చీటీ మీద 115 రాసి, కింద "తగ్గింపు 30" అని వేసి ఇవ్వండి. ఊరికే చేస్తే అది పని కాదనుకుంటారు. చెప్పు తెగితే కుట్టినవాడికి, జాకెట్టు వదులు చేసిన దర్జీకి మారు మాట్లాడకుండా ఇచ్చే మనం, స్నేహితురాలి అరగంటకు మాత్రం కాఫీతో సరిపెట్టడం ఏం బాగుంటుంది?

పన్ను గురించీ అడిగారు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేవరకు ఇలాంటి చిన్న పార్లర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెద్ద సెలూన్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతమైంది, కనుక వాళ్ళ ధరలు చూసి మీవి పెంచుకోవద్దు, తగ్గించుకోనూ వద్దు.

ఇంకొక్క మాట. గోరు పచ్చబారినా, చుట్టూ వాచి నొప్పిగా ఉన్నా ఎంత ఇస్తామన్నా దానిమీద జెల్ వెయ్యకండి. పాతది తీసేసి డాక్టరు దగ్గరకు పంపండి. తీసిన 15 నిమిషాలకు 60 రూపాయలు తీసుకోవచ్చు.