స్లోలో ఆగిపోయే ఇంజను

గలిలయ సముద్ర తీరాన యేసు పిలిచినప్పుడు యాకోబు, యోహానులు ఏం చేస్తున్నారో గుర్తుందా? తండ్రి జెబెదయితో కలిసి దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు (మత్తయి 4:21). ఈ వివరం మీద నేను విన్న ప్రసంగాలు తక్కువే. సముద్రం ఒడ్డున సంఘకాపరినయ్యాక మాత్రం నాకది పెద్ద విషయంగానే కనిపిస్తోంది.

కారణం ఒక ప్రార్థన విన్నపం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ముగియగానే అది తప్పక వస్తుంది. 'అయ్యగారూ, ఇంజను స్లోలో నిలబడటం లేదు, ప్రార్థన చేయండి.' ఫైబర్ పడవ వెనక తగిలించే మోటారు గురించి ఆ మాట. రేసు ఇస్తే పరుగెడుతుంది, తగ్గిస్తే దగ్గి ఆగిపోతుంది. ఈమధ్య ఒక యువకుడు ఇలాగే వచ్చాడు. ప్రార్థన చేశాను. చేశాక, 'కార్బొరేటర్ విప్పి ఎన్నాళ్లయింది తమ్ముడూ?' అని అడిగాను. 'స్క్రూ తిప్పి రేసు పెంచామండీ, నడిచిపోతోంది' అన్నాడు.

నడిచిపోతోంది! నాకు నచ్చనిది ఈ మాటే. మొగ దాటేటప్పుడు పెద్ద కెరటం పోయేదాకా రేసు తగ్గించి కాచుకోవాలి. సరిగ్గా అక్కడే ఇంజను ఆగితే పడవ కెరటానికి అడ్డం తిరుగుతుంది. తర్వాత ఏమవుతుందో తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. స్క్రూ తిప్పితే జబ్బు మరుగున పడుతుందే గాని నయం కాదు. పైగా గేరు వేసినప్పుడల్లా దడేలుమని పడి పళ్లు అరుగుతాయి. అలాంటి పడవకు ప్రమాదం జరిగితే 'దేవుని చిత్తం' అనడానికి నాకు నోరు రాదు.

సెమినరీలో మాకు గ్రీకు నేర్పారు, కార్బొరేటర్ నేర్పలేదు. ఇది మా సంఘంలోని ఒక మెకానిక్ చెప్పిన పాఠం. రెండు నెలలు కదలని ఇంజనులో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. స్లోకి పెట్రోలు అందించే జెట్టు రంధ్రం బహు సన్నం కాబట్టి ముందు మూసుకునేది అదే. చోకు కాస్త లాగితే ఇంజను కుదుటపడిందా, పెట్రోలు చాలడం లేదన్నమాట. ఆగబోతుండగా గొట్టంలోని రబ్బరు బుడ్డి నొక్కితే పుంజుకుందా, గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా పంపు బలహీనపడింది. అన్నిటికంటే ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచారో లేదో చూడండి. నవ్వకండి, అది మరిచిపోయి పూటంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు. జెట్టులో ఇనుప తీగ మాత్రం దూర్చవద్దు. రంధ్రం పెద్దదైతే ఇక కుదరదు.

ఇప్పుడు మన బంకుల పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. అడుగు పెట్రోలు కాస్త గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచితే తెలిసిపోతుంది. బీడీలు దూరంగా కాల్చుకోవాలి!

వలలు బాగుచేయడానికి మత్తయి వాడిన గ్రీకు మాటనే పౌలు గలతీయులకు రాస్తూ, తప్పిపోయిన సహోదరుణ్ణి మంచి దారికి తేవడానికి వాడాడు. వలైనా మనిషైనా ఇంజనైనా, ముందు విప్పి చూడాలి.

ఆ యువకుడు మర్నాడు సీసా పట్టుకుని చర్చి గుమ్మం దగ్గరికొచ్చాడు. అడుగున వేలెడు మందాన వేరే పొర. ట్యాంకు ఖాళీ చేసి కడిగారు, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేశారు, స్క్రూ పాత చోటికే తిప్పారు. సాయంత్రం రేవులో ఇంజను స్లోలో పది నిమిషాలు ఆగకుండా ఆడింది. వాళ్లమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది.