దారిలో దిగుదాం

ఉద్యోగం మాని దేశం చూడబోయేవారిని కొందరు మెచ్చుకొంటారు, కొందరు వెక్కిరిస్తారు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య ఉద్యోగం మానలేదు. సెలవు తీసుకొని 1830 మే 18న కాశీకి బయలుదేరారు. రైళ్ళు లేని కాలం. తిరిగి రావడానికి 15 నెలలు దాటింది. దారి పొడవునా చూసినవన్నీ మిత్రుడు శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపారు. పిళ్ళెగారే వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. అంత దూరం పోయినా ఆయన మిత్రుణ్ణి మరవలేదు.

మరి మనమో? చెన్నై నుంచి తిరుపతికి పోతూ తిరువళ్ళూరును, తిరుత్తణిని రైలు కిటికీలోంచి చూసి ఊరుకొంటాం. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మదరాసు రాష్ట్రంలో చేరింది. హద్దు మారింది కాని, తెలుగు మాట్లాడే పాతమిత్రులు అక్కడే ఉన్నారు. సెలవు దొరకనివారు కూడా ఒక పూట దిగి వారి తలుపు తట్టవచ్చు. ముందుగా ఒక కార్డుముక్క రాస్తే మరీ మంచిది.