మొదటి రోగమే తలుపు తీస్తుంది



గడచిన చలికాలములో ఇచ్చోడ దగ్గరి ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరుడు మమ్మును తన టమాట చేనుకు తీసుకొని వెళ్ళాడు. "అయ్యగారూ, ఒక్కసారి చేన్ల నిలవడి ప్రార్థన చేయుండ్రి" అన్నాడు. నారు నాటి ఇరవై రోజులైంది. అక్కడక్కడ పది పన్నెండు మొక్కల ఆకులు పసుపు తిరిగి, పైకి ముడుచుకొని దొప్పల వలె ఉన్నాయి. "ఇత్తనం మంచిదే. ముడతకు తట్టుకుంటదని చెప్పిండ్రు. అవే కోలుకుంటయి" అన్నాడు. మేము ప్రార్థన చేసి వచ్చాము.

నెల దాటి మరల వెళ్ళేసరికి అవే మొక్కల మొవ్వులు నల్లబడి ఎండిపోయాయి. కాయల మీద గుండ్రని వలయములు లేచాయి. సగము చేను అదే వరుస. సహోదరి గట్టు మీద కూర్చొని, "పక్కోళ్ళ దిష్టి తగిలిందయ్యా" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ పక్క చేనువారు కూడ మన సంఘస్థులే. ముందుగా నాటిన వారి టమాటకు ధర పడిపోయి, తెంపిన కూలి కూడ రాదని చేనును అట్లే వదిలివేశారు. రెండు ఇండ్ల మధ్య మాటలు లేవు. ప్రభువు బల్ల యొద్దకు కూడ ఎడమెడముగా వచ్చారు.

వ్యవసాయ అధికారి ఒకరు వచ్చి చూసి, "ఇది దిష్టి కాదు. ఒక్క మొక్కలోనే రెండు వైరసులు చేరినయి" అన్నారు. ఆ మాట మమ్మును చాల ఆలోచింపజేసింది.

మన టమాటకు ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ తెస్తుంది. మొవ్వు కుళ్ళును తామర పురుగులు తెస్తాయి. వేరుశనగను కూడ పాడుచేసే ఈ మొవ్వు కుళ్ళు వైరస్‌ను 1992లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన వైరస్‌గా గుర్తించారు. ఆకులను దారముల వలె సన్నము చేసే మొజాయిక్‌ను పేనుబంక తెస్తుంది. ఈ వైరసులను చంపే మందు ఏ దుకాణములోనూ లేదు. మనము కొట్టే మందు పురుగును మాత్రమే చంపుతుంది.

అయితే దేవుడు మొక్కను ఆయుధము లేకుండ విడువలేదు. మనకున్నట్లు రక్తము దానికి లేదు గాని, కణ కణములో ఒక కావలి ఉన్నది. వైరస్ లోపలికి వచ్చి తనను తాను పెంచుకొనుటకు తన రాతను నకలు తీస్తుంది. మొక్క ఆ పరాయి రాతను గుర్తుపట్టి, కత్తెర వంటి మాంసకృత్తుతో చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలనే ఆనవాలుగా పట్టుకొని, అదే రాత మరెక్కడ కనబడినా తునకలు చేస్తుంది. దొంగ ఫోటోను అన్ని పోలీసు స్టేషన్లకు పంపినట్లన్న మాట.

వైరస్ కూడ ఉత్త చేతులతో రాదు. కావలివాని చేతులు కట్టివేసే పదార్థమును వెంట తెచ్చుకొంటుంది. వైరస్ ఒక్కటే అయితే మొక్క కొంత నిలదొక్కుకొంటుంది. కొన్నిసార్లు కొత్త చిగుళ్ళు తేరుకొంటాయి కూడ. రెండవది వచ్చిందంటే, ఒకటి కత్తెరను పట్టుకొంటుంది, ఇంకొకటి ఆనవాలును దాచివేస్తుంది. అందుచేత రెండు రోగములు కలిసినప్పుడు నష్టము రెండింతలతో ఆగదు. పొగాకు మొక్కకు ఆలుగడ్డ వైరసులు రెండు కలిపి ఎక్కించినప్పుడు, వాటిలో ఒకటి ఒంటరిగా ఉన్నప్పటికంటె అనేక రెట్లు పెరిగినట్లు 1955లోనే అమెరికాలో చూశారు. 2011లో కెన్యా దేశములోని బోమెట్ ప్రాంతములో మొక్కజొన్న చేలు నిలువున ఎండిపోయాయి. పరీక్షించి చూడగా ఒకే మొక్కలో రెండు వైరసులు బయటపడ్డాయి.

మరి మంచి విత్తనమో? దక్షిణ అమెరికా అడవి టమాట నుండి తెచ్చిన ఒక గుణము ఆకుముడత జాతి వైరస్‌ను బాగుగా అడ్డుతుంది. ఆ గుణము ఈ కావలినే బలపరుస్తుంది. అటువంటి మొక్కకు మొజాయిక్ వైరస్ కూడ సోకితే ఆ బలము సడలిపోతుందని 2014లో శాస్త్రజ్ఞులు చూపించారు. మంచి విత్తనము అవసరమే. అది ఉన్నదని కావలి మానుకొనరాదు.

లూకా 11:24-26లో ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. విడిచిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి, ఇల్లు ఊడ్చి అమర్చి ఉండుట చూసి, తనకంటె చెడ్డవైన మరి ఏడింటిని పిలుచుకొని వస్తుంది. ఆ మనుష్యుని కడపటి స్థితి మొదటి దానికంటె చెడ్డదవుతుంది. మన ఇండ్లలో జరిగేది ఇదే కాదా? మొదట చిన్న అప్పు. దాని దిగులుకు సారా. సారాతో అబద్ధము, భార్యపై చేయి, పిల్లల బడి మానుడు. మొదటిది వచ్చిననాడు "అదే పోతుంది లే" అనుకొన్నాము.

ఇంకొక వాక్యము నిర్గమకాండము 22:6. ఒకని నిప్పు ముండ్లకంపకు అంటుకొని పొరుగువాని పంటను కాల్చితే, నిప్పు అంటించినవాడే నష్టము కట్టవలెనని ధర్మశాస్త్రము. వదిలేసిన టమాట చేను తెల్లదోమకు పుట్టినిల్లు. నా చేను నా ఇష్టము అనుటకు లేదు. అట్లని పొరుగువానిని దిష్టి పేరున నిందించుటకు కూడ లేదు.

మేము కూడ ప్రభువు ఎదుట ఒప్పుకొనవలసినది ఒకటి ఉన్నది. ఆనాడు ఆ పది మొక్కల మధ్య నిలిచి ప్రార్థించాము గాని, "వీటిని పీకివేయండి" అని చెప్పలేదు. గట్టు అవతలి ఇంటికి పోయి పలుకరించలేదు.

తరువాత ఒక సాయంకాలము రెండు కుటుంబములను ఒకచోట కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాము. మరునాడు పక్క చేను సహోదరుడు తానే కొడవలి పట్టుకొని వచ్చాడు. రెండు ఇండ్లవారు కలిసి వదిలేసిన చేనును తీసి కాల్చివేశారు. ఆ సంవత్సరము సగము పంట తిరిగి రాలేదు. మాటలు మాత్రము తిరిగి వచ్చాయి.

రైతు సోదరులారా, నారుమడిపై నైలాన్ వల కప్పండి. నాటకముందే చేను చుట్టు మొక్కజొన్నగాని జొన్నగాని రెండు మూడు వరుసలు వేయండి. గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకండి. నాటిన మొదటి వారములలో ముడత కనబడిన మొక్కను సంచిలో వేసి బయటికి తెచ్చి పూడ్చండి. కాపు అయిపోయిన చేనును నిలువనీయకండి. పాత చేను పక్కన కొత్త నారు నాటకండి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: మన ఇంటిలో పీకకుండ విడిచిన మొదటి మొక్క ఏది? మన గట్టు దాటి పొరుగువారికి పోవుచున్నది ఏది?

ప్రభువు మీ పొలములను, మీ గృహములను, మీ గట్లకు ఇరుపక్కలను దీవించును గాక. ఆమేన్.