గ్యాస్ కాదు... మాట మొత్తం చెప్పండి!



ఊళ్ళో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న మా అక్క కూతురు ఈ మధ్య ఫోన్ చేసింది. "మామయ్యా, హెల్త్ అసెస్‌మెంట్ అని ఒకటి పెట్టారు. బీపీ, పల్స్, జ్వరం అన్నీ మెషీన్లే చూపిస్తాయి కదా, ఇంక చదవడానికేముంది?" అంది. కంప్యూటర్లతో బతికే నన్ను అడగాల్సిన ప్రశ్నేనా అని నవ్వొచ్చింది. జవాబుగా షరఫియాలో నేను చూసిన ఒక సాయంత్రం గురించి చెప్పాను. మీకూ చెబుతాను.

షరఫియా మనకు కొత్త కాదు. శుక్రవారం వస్తే జిద్దాలోని మనవాళ్ళు సగం మంది అక్కడే కనిపిస్తారు. ఆ వీధుల్లోని పాలీక్లినిక్‌లలో డాక్టర్లు, నర్సులు చాలామంది మన దేశం వాళ్ళే. అలాంటి ఒక క్లినిక్‌కి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు తోడు వెళ్ళాను. యాభై దాటిన మనిషి, బిల్డింగ్ పని. హిందీ అంతంత మాత్రం. కాబట్టి నేనే దుబాసీని.

"ఏం లేదు సార్, పొద్దటి సంది గ్యాస్ పట్టినట్టుంది. మెట్లెక్కితే దమ్మొస్తుంది, ఒళ్ళంతా చెమట పడుతుంది. గోలీ ఇస్తే చాలు, రేపు పనికి పోవాలె" అన్నాడాయన. నేను సిస్టర్‌తో "గ్యాస్ ట్రబుల్" అన్నాను. రెండు ముక్కల్లో తేల్చేశాను!

ఆ కేరళ అమ్మాయి తల ఊపింది గానీ రాసుకోలేదు. ఆయన మణికట్టు పట్టుకుని, చేతి గడియారం చూస్తూ నిమిషం పాటు నిలబడింది. నాడి చూస్తోందనుకున్నాను. "నిమిషానికి 28" అంది. అది నాడి కాదట, ఊపిరి! అప్పుడు నా వైపు తిరిగి, "ఆయన అంతసేపు మాట్లాడారు, మీరు రెండే మాటలు చెప్పారు. మొత్తం చెప్పండి సార్" అంది. తల దించుకుని మొత్తం చెప్పాను. వెంటనే ఈసీజీ తీశారు. గ్యాస్ కాదు, గుండెపోటు. ఆంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపారు. ఆయన బతికాడు. తర్వాత ఊరికి వెళ్ళి మనవరాలిని ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత సిస్టర్‌ని అడిగి తెలుసుకున్నవి, చదివి తెలుసుకున్నవి మా మేనకోడలికి చెప్పాను.

రోగి గురించిన సమాచారం రెండు రకాలు. రోగి చెప్పేది ఒకటి. నర్సు చూసి, తాకి, కొలిచి తెలుసుకునేది ఇంకొకటి. మొదటిదాన్ని వీలైనంతవరకు రోగి మాటల్లోనే రాయాలి. "దమ్మొస్తుంది" అన్నవాడి కాగితం మీద "గ్యాస్" అని రాస్తే డాక్టరు గారు కూడా ఆ దారినే పడే ప్రమాదం ఉంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాటల్లో చెప్పాలంటే, చెత్త వేస్తే చెత్తే వస్తుంది! నొప్పి అంటే అక్కడ ఆగకూడదు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎటైనా పాకుతోందా, మంటా, పోటా, బరువా, ఏం చేస్తే పెరుగుతోంది, పదికి ఎంత... ఇవన్నీ అడగాలి.

అడగడం ఎంత ముఖ్యమో మన జిద్దాకే బాగా తెలుసు. 2012 జూన్‌లో ఇక్కడి ఆసుపత్రిలో చేరిన అరవై ఏళ్ళ రోగి నమూనాలోనే డాక్టర్ అలీ మొహమ్మద్ జకీ ఒక కొత్త వైరస్‌ను గుర్తించారు. అదే మెర్స్. ఆ తర్వాత దగ్గు, జ్వరంతో వచ్చినవాళ్ళను "ఒంటెల దగ్గరికి వెళ్ళారా?" అని అడగడం కూడా ఇక్కడి పరీక్షలో భాగమైంది. ఆ సంగతి ఏ మెషీనూ చెప్పదు కదా!

ఇక ఊపిరి. పెద్దవాళ్ళకు విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషికి తెలియకుండానే ఊపిరి మారిపోతుంది. అందుకే నాడి చూస్తున్నట్టు మణికట్టు వదలకుండా ఛాతీ కదలిక లెక్కపెడతారు. పని ఒత్తిడిలో అందరికీ "20" అని రాసేయడం సులువు. కానీ లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన "న్యూస్" అనే మార్కుల పట్టికలో ఊపిరి 25 గానీ, అంతకు మించి గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 మార్కులు. ఒక్క అంశంలో 3 వచ్చినా డాక్టరుకు వెంటనే కబురు వెళ్ళాలి. మన పరీక్షల్లో మార్కులు పెరిగితే పండగ, ఇక్కడ పెరిగితే గండం!

తర్వాత ఒంటిని పరీక్షించే వరుస: చూడటం, తాకడం, తట్టడం, వినడం. కడుపు దగ్గర మాత్రం వరుస మారుతుంది. చూశాక ముందు వినాలి, తర్వాత తట్టాలి, చివరికి తాకాలి. ముందే నొక్కితే పేగుల చప్పుడు మారిపోవచ్చు.

"రేపు నువ్వు ఇక్కడికి రావాలంటే సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ వాళ్ళ పరీక్ష రాయాలి. దానికి పుస్తకం చదువు. కానీ రోగి దగ్గర మాత్రం చెవి, చెయ్యి, గడియారం మరిచిపోకు" అన్నాను. "సరే మామయ్యా, నిమిషం మొత్తం లెక్కపెడతాలే" అంది.

ఇది నర్సింగ్ పిల్లలకే కాదండోయ్! మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకరోజు ఒక తోటి తెలుగువాడికి దుబాసీగా క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళమే. లీవు పోతుందనో, ఖర్చవుతుందనో ఆయన తన బాధను తగ్గించి చెబుతాడు. మనం ఇంకా తగ్గించకూడదు. ఆయన ఏమన్నాడో అదే, ఒక్క ముక్క కూడా మింగకుండా చెబుదాం.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.