మన పిల్లలకు మాట్లాడరాదని ఎవరన్నరు?

పోస్ట్ పొడుగున్నది. తిట్టాలనుకునేటోళ్లు మొత్తం చదివి తిట్టండి.

ఎండాకాలం సెలవుల్లో మన గూడేల పిల్లలకు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు పెడదామని, చందాలేసి హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ని పిలుద్దామని గ్రూపుల అనుకుంటున్నరు. కారణం ఏం రాసిన్రు? మన పిల్లలు నలుగురిలో మాట్లాడలేరట, సోషల్ స్కిల్స్ లేవట. నేను ఒప్పుకోను.

వాళ్లు ఎక్కడ మాట్లాడలేరో ముందు చూడండి. నాలుగు గోడల మధ్య, కొత్త సార్ ముందట, తమది కాని భాషల. అదే పిల్లలను శ్రావణ మాసంల ఊర్ల చూడండి. వెదురు బొంగులకు కాలు పెట్టే చెక్క కట్టుకొని నడుస్తుంటరు. ఒకడు ఎక్కాలంటే ఇంకొకడు బొంగు పట్టాలె. కింద పడితే నవ్వినోడే వచ్చి లేపాలె. చిన్నోనికి తక్కువ ఎత్తుల చెక్క కట్టియ్యాలె. ఇది ఏ ట్రైనర్ నేర్పిండు? ఇప్పపువ్వు కాలంల చూడండి, ఏ చెట్టు ఎవరింటిదో ఆరేండ్ల పిల్లకు కూడా తెలుసు. పక్కోళ్ల చెట్టు కింద పువ్వు ముట్టది. (పిల్లలతోని పని చేయించమంటలేను, కామెంట్లల అది పట్టుకోకండి.)

నా సంగతి చెప్త. మూడో తరగతిల హాస్టల్‌కు వచ్చినప్పుడు నాకు గోండి తప్ప ఏం రాదు. తెలుగు నాకు క్లాసుల రాలే, కబడ్డీల వచ్చింది. "నన్ను తాకలే", "నువ్వే ఔట్" అని కొట్లాడుకుంటనే వచ్చింది. కొట్లాడాలన్నా అవతలోనికి అర్థమయ్యే భాష కావాలె కదా.

2017ల బయట ఆదివాసీ, లంబాడా గొడవలు ముదిరినప్పుడు మా హాస్టల్ల అన్నం లైన్ కూడా రెండైంది. మాటలు బంద్. కానీ కబడ్డీకి ఏడుగురు కావాలె, మేము ఐదుగురమే ఉన్నం. రెండు రోజులు ఊకున్నం. మూడో రోజు పోయి పిలిచినం, ఇద్దరు వచ్చిన్రు. ఎవరూ ఎవరికీ సారీ చెప్పలే. ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకోలే. ఆ ఇద్దరిల ఒకడు ఇయ్యాల కాలేజీ హాస్టల్ల నా రూమ్మేట్.

తర్వాత పదో తరగతి. రిజల్ట్ కోసమని సాయంత్రం ఆట గంట తీసేసి స్టడీ అవర్ పెట్టిన్రు. బంతులు బీరువాల, బీరువాకు తాళం. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌ల రాసి ఉన్నది. బీరువా తాళం తీయాలని రాయలేదు కావచ్చు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. మా చెల్లె ఉండే హాస్టల్ల గోడకు మాలావత్ పూర్ణ ఫొటో ఉన్నది. 2014ల 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని నేర్చుకున్నది. ఆ ఫొటో పెట్టిన హాస్టల్లనే మా చెల్లెకు బడి నుంచి రాంగనే గేటు బంద్. ఆడుకోవడానికి పంపుమంటే బాధ్యత ఎవరిదని అడుగుతరు. పిల్ల ఇంటికి వస్తే, ఎవరితోని కలుస్తలేదని అమ్మ బాధపడ్తది. అప్పుడు మనం ట్రైనర్‌ని పిలుస్తం.

మన తప్పు కూడా ఉన్నది. పండుగకు ఊరికి పోయి మనం చేస్తున్నదేంది? సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి ఫోన్ పట్టుకొని కూసుంటున్నం. చిన్నోళ్లు వచ్చి మన భుజం మీది నుంచి స్క్రీన్ చూస్తున్నరు. వాళ్లతోని ఆడి ఎన్ని రోజులైంది? నేను పోయిన దసరాకు ఒక్క రోజు కూడా ఆడలే.

చందా నేను కూడా ఏస్త, కానీ ట్రైనర్‌కు కాదు. బంతులు, తాళ్లు, నెట్లు కొందాం. ఒక్కో గూడేనికి మనలో ఇద్దరు పోవాలె, అందుల ఒక అక్క తప్పకుండా ఉండాలె, లేకపోతే ఆడపిల్లలను పంపరు. పొద్దున ఎండ ముదరకముందు, మళ్ల సాయంత్రం. మనం అంపైర్‌గా నిలబడొద్దు, గొడవైతే వాళ్లే తెంపుకుంటరు.

డబ్బులు చూసుకునే అన్నా, ట్రైనర్‌కు అడ్వాన్స్ ఇంకా పంపలేదు కదా? ఆపు. ఒక వాలీబాల్ నెట్ మా రూమ్మేట్ వాళ్ల తండాల ఉన్నది. అది మేమిద్దరం తెస్తం.