పొడుగు చెవులాయన ఎవర్రా?

సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా అన్నయ్య, కనుమ నాడు గారెలు కూడా సరిగ్గా తినకుండా నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. పొలం కాగితాల కోసమేమోనని వదిన కంగారు పడింది. ఇత్తడి బిందెలు ఎక్కడ పాతసామాన్లవాడికి వేసేస్తాడోనని అమ్మ కింద కాపలా కూర్చుంది. గంట తర్వాత తల నిండా బూజుతో దిగాడు. చంకలో ఒక చెప్పుల డబ్బా. దాంట్లో ఏడు ఆడియో క్యాసెట్లు!

"ఏంటి నాన్నా ఇవి?" అన్నాడు వాళ్లబ్బాయి.

"స్టార్ ట్రెక్."

"అది మొత్తం మనింట్లో ఉందిగా, డిస్కుల్లో?"

"ఇవి లేవు" అన్నాడు అన్నయ్య.

నేను మాత్రం నోరెత్తలేదు. కారణం ఉంది. చెబుతాను.

1983 ఆగస్టు 30న బయల్దేరిన అమెరికా వాళ్ల స్పేస్ షటిల్ ఛాలెంజర్ మన ఇన్శాట్-1బిని మోసుకెళ్లి అంతరిక్షంలో వదిలింది. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే దేశంలో ఊరూరా దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లు లేచాయి. గుంటూరు బ్రాడీపేటలో మేమున్న వాటా మీద కూడా సరుగుడు కర్రకు కట్టిన యాంటెన్నా లేచింది. ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వచ్చేది. అమెరికాలో 1966 నుంచి 1969 దాకా నడిచిన సీరియల్ అది. మొత్తం 79 భాగాలు. వాళ్లకు అప్పటికే పాతచింతకాయ పచ్చడి, మాకు మాత్రం కొత్త ఆవకాయ.

అన్నయ్య అప్పుడు పదో తరగతి. వీసీఆర్ అంటే పెళ్లిళ్లకూ పండగలకూ రాత్రికింత అని అద్దెకు తెచ్చుకునే వస్తువు. అది లేదు కాబట్టి, పొలం డబ్బుతో నాన్న కొన్న టూ ఇన్ వన్‌ని టీవీ ముందు స్టూలు మీద పెట్టి, సీరియల్ మాటల్ని రికార్డు చేసేవాడు. బొమ్మ లేకపోయినా మాట ఉంటే చాలు, మిగతాది కళ్లు మూసుకుంటే కనపడుతుంది అనేవాడు. తొంభై నిమిషాల క్యాసెట్లో ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలే పడుతుంది. సీరియల్ యాభై. కాబట్టి సరిగ్గా కెప్టెన్ కిర్క్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు మావాడు క్యాసెట్టు తిరగేసేవాడు!

రికార్డింగ్ జరుగుతుంటే ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. నాన్న పేపరు కూడా మడతపెట్టకూడదు. ఈ కర్ఫ్యూ చెల్లనిది ఒక్క నాయనమ్మకే. ఆవిడ ప్రత్తిపాడు దగ్గర పల్లెలో వ్యవసాయం చేయించుకుంటూ ఉండేది. పత్తికి తెల్లదోమ తగిలి పంట తుడిచిపెట్టుకుపోయిన ఏడు, నాన్న బలవంతం మీద గుంటూరు వచ్చి మాతో ఉంది. టీవీ ముందు పీట వేసుకుని కూర్చునేది.

"ఒరే పెద్దోడా, ఆ పొడుగు చెవులాయన ఎవర్రా? రాచ్చసుడా?"

"కాదు నాయనమ్మా, స్పాక్. వేరే గ్రహం వాడు."

"మరి వీళ్లతో ఎందుకు తిరుగుతన్నాడూ?"

"స్నేహం."

మనుషుల్ని మాయం చేసి ఇంకో చోట తేల్చే యంత్రం గురించి చెబితే 'నారదుల వారి మాదిరి' అని ఇట్టే అర్థం చేసుకుంది. ఓడలో పొయ్యి ఎక్కడుందనేది మాత్రం చివరిదాకా తెగలేదు. మొదట్లో విసుక్కున్న అన్నయ్య తర్వాత దారికొచ్చాడు. ఇంగ్లిషు డైలాగు రావడం, దాని వెనకే తెలుగు చెప్పేయడం. కుక్కర్ విజిల్సూ వీధిలో కూరగాయల కేకలూ కలిపి, ఆ క్యాసెట్లలో ఉన్నది గుంటూరు స్టార్ ట్రెక్ అన్నమాట. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

ఇదంతా ఇంత పెద్ద సంగతని నాకు తెలీదు. అన్నయ్యకూ తెలీదు, డాక్టర్ హూ చరిత్ర చదివేదాకా.

అది బీబీసీ వాళ్ల సీరియల్. 1963 నవంబరు 23న మొదలైంది. ఒకాయన పోలీసు టెలిఫోన్ డబ్బా లాంటి యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. మొదటి ఆరేళ్లలో 253 భాగాలు వచ్చాయి. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఒకసారి ప్రసారమయ్యాక ఎవరు చూస్తారులే అని చెరిపేసి, దాని మీద ఇంకొకటి ఎక్కించేవారు. పలక మీద అక్షరాల్లాగా. పరదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము కాపీల్ని కూడా చాలావరకు పారేశారు. 1978లో ఆ పని ఆగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పదేళ్లు తిరక్కముందే ఇంటింటికీ వీసీఆర్ వచ్చింది, పాత భాగాలు క్యాసెట్లుగా కొంటాం మొర్రో అని జనం అడగడం మొదలెట్టారు. అమ్మడానికి సరుకేదీ?

అక్కణ్నుంచి వేట మొదలైంది. హాంకాంగ్‌లో ఒక కథ తాలూకు నాలుగు భాగాలూ దొరికితే 1992లో వీడియో క్యాసెట్టుగా వచ్చింది. ఫిలిప్ మోరిస్ అనే ఆయన నైజీరియాలోని జోస్ పట్టణంలో, ఒక టీవీ రిలే కేంద్రంలో దుమ్ము కొట్టుకుపోయిన డబ్బాల్లోంచి తొమ్మిది భాగాలు బయటికి తీశాడు. ఆ సంగతి 2013లో ప్రకటించారు. అయినా అప్పటికి లెక్కతేలనివి ఇంకా 97.

కానీ అన్నయ్యను కుర్చీలోంచి లేపింది ఇది కాదు. పోయిన భాగాల బొమ్మ లేకపోయినా మాట మాత్రం ప్రతి ఒక్కదానిదీ ఉంది! ఎలాగంటే, అక్కడ కూడా కొందరు కుర్రాళ్లు టేపు రికార్డర్లు టీవీ దగ్గర పెట్టి రికార్డు చేసుకున్నారు, మావాడి లాగే. బీబీసీ కాపాడుకోలేనిది వాళ్ల అటకల మీద మిగిలింది. ఆ శబ్దానికి బొమ్మలు గీసి, యానిమేషన్ చేసి, ఇప్పుడు డిస్కులు అమ్ముతున్నారు.

వాళ్లనే అనడం దేనికి? మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు లేదు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టినప్పటి అసలు టేపుల్నే నాసా చెరిపి మళ్లీ వాడేసుకుంది. టీవీలో వచ్చిన కాపీలు మిగిలాయి కాబట్టి సరిపోయింది. దూరదర్శన్‌లో మనం నోరు తెరుచుకుని చూసిన 'స్పేస్ సిటీ సిగ్మా', 1989 నాటి 'ఇంద్రధనుష్' గుర్తున్నాయా? రామాయణం డిస్కులు ఇంటింటా ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే మళ్లీ చూశాం. మన అంతరిక్ష సీరియళ్లకు ఆ యోగం పట్టలేదు.

స్టార్ ట్రెక్‌కి ఆ బాధ లేదు. అన్నీ ఉన్నాయి. అన్నయ్య అన్నిసార్లూ కొన్నాడు. 1995లో వీడియో క్యాసెట్లు మోసుకొచ్చి మా వీసీఆర్‌లో పెడితే బొమ్మ నలుపూ తెలుపై గిరగిరా తిరిగింది. వాళ్ల టీవీకి 525 గీతలట, మనకు 625. రెంటికీ పొత్తు కుదరదు. 2004లో డీవీడీల పెట్టెలు కొన్నాడు. అవీ మా ప్లేయర్లో పలకలేదు. అమెరికా డిస్కు ఒకటో రీజియన్, మనది అయిదు. ఆ తర్వాత 2006లో అంతరిక్ష నౌక దృశ్యాలన్నీ కంప్యూటర్‌తో కొత్తగా చేసి విడుదల చేస్తే మండిపడ్డాడు. 2010లో 'మాయాబజార్'కు రంగులేసినప్పుడు మన ఇళ్లలో జరిగిన తగవు గుర్తు తెచ్చుకోండి, అంతే. నాకైతే రంగుల మాయాబజార్ నచ్చింది. ఈ మాట ఆయన ముందు అనను.

ఇక నా సంగతి. ఆడియో క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు చేయలేం. అన్నయ్య జాగ్రత్తపరుడు, అన్నిటికీ విరిచాడు. ఆయన ఇంజినీరింగ్ చదువుకు హాస్టల్‌కి వెళ్లాక నేనేం చేశానంటే, ఆ కన్నాల మీద ప్లాస్టరు ముక్క అంటించాను. అంతే, తాళం తీసినట్టే. ఆ రోజుల్లో పాటల జాబితా రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇస్తే రికార్డింగ్ షాపుల్లో ఎక్కించి ఇచ్చేవారు. ఖాళీ క్యాసెట్టు కొనమని ఇచ్చిన డబ్బులు మిరపకాయ బజ్జీల బండికి చేరేవి, షాపుకి స్టార్ ట్రెక్ చేరేది. 1991లో 'ఆదిత్య 369' వచ్చింది. టైమ్ మెషీన్ ఎక్కి కృష్ణదేవరాయల కాలానికి వెళ్లే కథ, ఇళయరాజా పాటలు. ఊరంతా అవే. నేనూ ఎక్కించుకున్నాను. దేని మీదో ఊహించండి.

ఇన్నేళ్లకు ఆ అటక కింద నిలబడి ఒప్పుకున్నాను. అన్నయ్య ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది.

ఒక రోజంతా తిరిగి, టేపు రికార్డర్లు బాగుచేసే పెద్దాయన్ని పట్టుకున్నాం. మా టూ ఇన్ వన్ విప్పి చూపించాడు. లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అయిపోయింది. క్యాసెట్లలో టేపు అంచున తెల్లటి పొడి, బూజు. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లో అటక మీద పెడితే ఇంకేమవుతుంది? మిరపకాయ రంగు పోకుండా బస్తాకింత కట్టి కోల్డ్‌ స్టోరేజీలో పెట్టుకునే జిల్లా మనది. టేపుకూ కావాల్సింది అదే, చల్లగా, చెమ్మ లేకుండా. ఆ సంగతి మనకెవరికీ తోచలేదు.

ఆయన చెప్పినవి మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే పనికొస్తాయి. బూజు కనపడితే వెంటనే ప్లేయర్లో పెట్టకండి, అది హెడ్డుకూ పడుతుంది, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ అంటుకుంటుంది. టేపు అట్టకట్టిందేమో పెన్సిల్‌తో నెమ్మదిగా తిప్పి చూడండి. లోపల టేపును నొక్కిపెట్టే చిన్న దూది ప్యాడ్ జిగురు ఊడి పడిపోతుంది. అప్పుడు చుట్టల్ని మంచి డొక్కులోకి మార్చాలి. పాడేది ఒక్కసారే అనుకుని, ఆ మొదటిసారే కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. రెండోసారి టేపు బతుకుతుందో లేదో.

ఏడింట్లో మూడు తెగిపోయాయి. రెండింట్లో మొదటి నుంచి చివరిదాకా నా సినిమా పాటలే. ఒకదాంట్లో ఘంటసాల భగవద్గీత, అది నాన్న పని! అమ్మ ఆ రహస్యం అప్పుడే బయటపెట్టింది. చివరికి 'ఆదిత్య 369' క్యాసెట్టు మిగిలింది. అందరం చుట్టూ కూర్చున్నాం. పాటలన్నీ అయిపోయాయి. కాసేపు బుస్సుమని శబ్దం. ఆపబోతే అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

ఠక్కుమని ఒక చప్పుడు, తర్వాత కుక్కర్ విజిల్. ఎక్కడో దూరంగా ఇంగ్లిషు మాటలు. షాపువాడు పాటలు అయిపోగానే ఆపేశాడు కాబట్టి వైపు చివర నాలుగు నిమిషాలు మిగిలిపోయాయి. గొంతు మారుతున్న వయసులో అన్నయ్య, "ఇప్పుడు వాళ్లు కొత్త గ్రహం మీద దిగారు నాయనమ్మా" అంటున్నాడు. ఆ తర్వాత ఆవిడ గొంతు. 1988లో పోయింది. మా ఇంట్లో ఆవిడ ఫొటోలు రెండున్నాయి. గొంతు ఇదొక్కటే.

"నేల ఎర్రగా ఉందే. రేగడి కాదు. పత్తి పండుద్దంటావా?"

"పండుద్దేమో."

"అక్కడ తెల్లదోమ ఉండదా పెద్దోడా?"

అన్నయ్య ఏదో అనబోయాడు, టేపు అయిపోయింది.

ఏం చెప్పావని అడిగాను. గుర్తులేదన్నాడు. ఆ రాత్రి వాళ్లబ్బాయీ తనూ కంప్యూటర్ ముందు కూర్చుని, డిస్కులు ఒక్కోటే పెట్టి, అది ఏ భాగమో వెతికారు. తెల్లవారుజామున దొరికింది. నేల ఎర్రగానే ఉంది. మా టీవీ మాత్రం నలుపూ తెలుపే.