నెలలు నిండాయి, నొప్పులు రాలేదు

ఒక తల్లి ఇలా రాశారు: “మా అమ్మాయికి తొలి కాన్పు. ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటి నాలుగు రోజులైంది. నొప్పుల జాడ లేదు. వియ్యపురాలు రోజూ రెండు పూటలా ఫోను చేసి అడుగుతున్నారు. మా ఆడపడుచు ఆముదం పట్టించమంటున్నది. వెనక అందరం అలాగే కన్నామంటుంది. పిల్లేమో భయపడుతోంది. ఇవ్వమంటారా?”

ఇవ్వకండి, అమ్మా. ఆముదం పేగుల్ని కలచి విరేచనాలు చేయిస్తుంది. దానితోపాటు గర్భసంచి కూడా కదలవచ్చు. కాని ఆ నొప్పులు ఎంత జోరుగా వస్తాయో, వచ్చి నిలుస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. విరేచనాలతో, వాంతులతో ఒంట్లో నీరంతా పోయి నీరసించిన పిల్ల ఆ తరువాత కాన్పు ఎలా ఓర్చుకుంటుంది? ఆముదం తాగి సుఖంగా కన్నవాళ్ళ కథలే మనం వింటాం. ఇబ్బంది పడ్డవాళ్ళు చెప్పుకోరు.

ఇక ఆ తేదీ సంగతి. ఆఖరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కకట్టి వేసిన అంచనా అది. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. తొలి కాన్పు నాలుగు రోజులు అటూ ఇటూ కావడం వింత కాదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోనూ కూడదు. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో తెప్పించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే మీకింక మూడు రోజులే ఉంది గనుక, రేపే అమ్మాయిని డాక్టరమ్మకు చూపించండి. మందు లేకుండా చేసే పద్ధతి ఒకటుంది. లోపల పరీక్ష చేస్తూ, ఉమ్మనీటి సంచి పొరను వేలితో మెల్లగా విడదీస్తారు. కొంచెం నొప్పి, కాస్త రక్తపు మరక ఉండవచ్చు. అది డాక్టరు చేయవలసిన పనే.

ఇంట్లో ఏం చేయవచ్చంటారా? సాయంత్రం చల్లబడ్డాక కాసేపు నడిపించండి. నొప్పులు వస్తాయన్న హామీ లేకపోయినా, ఒంటికి, మనసుకు హాయి. చివరి నెలలో రోజూ ఆరు ఖర్జూరాలు తింటే గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతుందని కొన్ని చిన్న పరిశోధనలు చెప్తున్నాయి. చక్కెర జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగాలి. జీలకర్ర కషాయానికి, అనాసపండుకు అటువంటి రుజువు లేదు. పేరు తెలియని నాటుమందు ఏదీ నోట పెట్టనీయకండి.

బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, ఎర్రగా రక్తం కనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చి కళ్ళు మసకలు కమ్మినా తెల్లవారేదాకా ఆగవద్దు. బండి దొరకకపోతే 108కి ఫోను చేయండి.

వియ్యపురాలిగారికి మీరే ముందుగా ఫోను చేసి, “పిల్ల బాగుంది, బిడ్డ కదులుతోంది, రేపు డాక్టరుకు చూపిస్తున్నాం. కబురు మేమే చెప్తాం” అనండి. ఆవిడ ఆత్రం సగం తగ్గుతుంది. ఆడపడుచుగారిని ఆముదం సీసా పక్కనపెట్టి మేనకోడలి పక్కన కూర్చోమనండి. ఈ రాత్రి ఆ పిల్లకు కావలసింది కంటినిండా నిద్ర, చేయి పట్టుకునే పెద్ద దిక్కు.